మేడ్చల్ దారిలో పాత ఆరాధన

సికింద్రాబాద్ దాటి ఉత్తరానికి పోయే దారులు రెండు. సుచిత్ర, కొంపల్లి, కండ్లకోయ మీదుగా మేడ్చల్ చేరేది నాగ్‌పూర్ హైవే. అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట చేరేది రాజీవ్ రహదారి. ఎటు పోయినా పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆదివారం పొద్దున ఆ పాతిక కిలోమీటర్లూ బోర్డులు చదువుకుంటూ పోవచ్చు. హార్డ్‌వేర్ షాపు పైఅంతస్తులో ఒక ప్రార్థన మందిరం, ఫంక్షన్ హాల్ సెల్లార్‌లో ఒకటి, ప్లాట్ల వెంచరు పక్కన రేకుల షెడ్డులో ఇంకొకటి. సంఘాల పేర్లు సగం బైబిల్లోని ఊర్లవి, సగం ఇంగ్లిష్‌వి. కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో పాస్టరుగారు, పక్కన అమ్మగారు చేతులు జోడించి నవ్వుతుంటారు. వాళ్ల కాళ్ల దగ్గర యూట్యూబ్ ఛానల్ పేరు ఉంటుంది.

ఈ సందడిలో కంటికి ఆనని చర్చీలు కొన్ని ఉన్నాయి. వెల్ల వేసిన గోడలు, పైన సిమెంటు సిలువ, తాడు కట్టిన గంట. లోపల ఏం జరగబోతుందో వచ్చేవాళ్లందరికీ ముందే తెలుసు. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు మోకరించాలి, పాపపు ఒప్పుకోలు తర్వాత ఏది, విశ్వాస ప్రమాణం ఎక్కడ వస్తుంది, అంతా పుస్తకంలో అచ్చయి ఉంది. మైకు పోయినా, పాస్టరుగారి గొంతు పోయినా ఆరాధన ఆగదు. కొత్త సంఘానికి అలవాటైన కుర్రవాడికి ఇది విసుగ్గా ఉంటుంది. ‘ఎప్పుడూ అదే కదా’ అంటాడు. నిజమే, ఎప్పుడూ అదే. నగరం ఇంత వేగంగా మీదికి వచ్చిపడ్డ చోట ఆ ‘అదే’ ఇంకా ఎలా నిలబడిందన్నదే ఇక్కడ చూడవలసిన సంగతి.

పాత క్రైస్తవం అనగానే ఈ దారిలో అందరూ చూపించేది బొల్లారం హోలీ ట్రినిటీ చర్చిని. 1847లో ప్రతిష్ఠ జరిగిన గుడి. కంటోన్మెంటులోని బ్రిటిష్ అధికారుల కోసం కట్టింది. విక్టోరియా రాణి సొంత డబ్బు ఇచ్చింది. ఆమె ముని మనవడి కూతురు రెండో ఎలిజబెత్ 1983 నవంబర్ 20న, ఆదివారం, తన పెళ్లిరోజున భర్తతో కలిసి ఈ గుడిలోనే ఆరాధనకు కూర్చుంది. రంగు అద్దాలు, చెక్క బెంచీలు, పక్కనే నాటి సైనిక కుటుంబాల సమాధులు ఉన్న చోటు. చూడదగ్గదే, అనుమానం లేదు. కానీ మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లలో నిలిచిన ఆరాధనకు తల్లివేరు బొల్లారం కాదు, మెదక్. తెల్లదొరల కోసం కట్టిన గుడి ఒక దారి, ఊరి చివరి వాడల్లో పుట్టిన సంఘం మరొక దారి. ఈ రెంటినీ కలిపేసి ‘బ్రిటిష్ వాళ్లు వదిలిపోయిన మతం’ అని తేల్చేయడం తేలికే గాని, ఈ చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర తెలిసినవాళ్లు అలా మాట్లాడరు.

నాగ్‌పూర్ హైవే పట్టుకుని మేడ్చల్ దాటి, తూప్రాన్ దాటి, చేగుంట దగ్గరో రామాయంపేట దగ్గరో ఎడమకు తిరిగితే మెదక్. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ విలియం బర్జెస్ 1879లో సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టాడు. ఆ తరువాత తరంలో చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌లో స్థిరపడ్డాడు. నిజాం ఇలాకాలో, ఈ పల్లెల్లో వాళ్ల మాట విన్నది మాల, మాదిగ వాడలు. ఒక్కొక్కరుగా కాదు, కుటుంబాలు కుటుంబాలుగా, కొన్నిచోట్ల వాడకు వాడే కదిలింది. కరువు రోజుల్లో జనానికి పని దొరకాలని పాస్నెట్ మొదలుపెట్టించిన కట్టడమే మెదక్ చర్చి. 1914లో మొదలై పదేళ్లు పట్టింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ. ఎత్తైన గంట గోపురం. 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండితే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా వచ్చారు. ఇప్పటికీ మేడ్చల్ వైపు కుటుంబాలు క్రిస్మస్ రోజున బండి కట్టుకుని, అంటే ఆటో ట్రాలీ మాట్లాడుకుని, అన్నం మూటలతో మెదక్ పోతాయి. అందులో క్రైస్తవులు కానివాళ్లూ ఉంటారు. మొక్కు తీర్చుకోవడానికి వస్తారు.

చర్చి పెద్దదే. అసలు పని మాత్రం దాని నీడ పడని ఊళ్లలో జరిగింది. ఊరికొక సువార్తికుడు, పదూళ్లకొక అయ్యగారు. రాత్రి పొలం నుంచి వచ్చిన కూలీలను కూర్చోబెట్టి పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం వల్లె వేయించేవాళ్లు. అవి నోటికి వస్తేగాని బాప్తిస్మం లేదు. అక్షరం రానివాళ్లు, ‘మీకు మంత్రాలు ఎందుకు’ అనిపించుకున్నవాళ్లు, తమవంటూ కొన్ని పేజీల పవిత్ర వాక్యాలను నాలుక మీద పెట్టుకున్నారు. కంఠస్థం అన్నది మనకు పై కులాల చదువుగానే తెలుసు. మాదిగ వాడలో గ్యాసు దీపం కింద జరిగిన కంఠస్థం గురించి మన సాహిత్యం పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ పాత చర్చీల్లో డెబ్భై దాటిన ముసలమ్మలు పుస్తకం తెరవకుండా ఆరాధన మొత్తం చెప్పడం చూసినప్పుడు ఈ సంగతి తెలిసి చూడాలి.

1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ప్రెస్బిటేరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ ఏకమై ఉన్న మరొక సంఘమూ కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యాయి. అదే సీఎస్‌ఐ. మెదక్ ఒక అధ్యక్ష మండలం అయింది. ఫ్రాంక్ విట్టేకర్ తొలి బిషప్. కలిసిన వాళ్లందరూ సంతోషంగా కలిసినట్టు ఇప్పుడు చెప్పుకుంటాం గాని, నంద్యాల ఆంగ్లికన్లు చాలామంది మాకొద్దన్నారు. తమ పాత ప్రార్థన పుస్తకం, తమ బిషప్పుల పాత వంశక్రమం పోతాయని భయం. ఏళ్ల తరబడి విడిగానే ఉన్నారు. అదే నంద్యాలలో 2013లో ఎగ్గోని పుష్పలలిత సీఎస్‌ఐ తొలి మహిళా బిషప్ కావడం చరిత్ర చేసిన తమాషా.

కలిశారు సరే, ఆదివారం ఏ పుస్తకం తెరవాలి? మెథడిస్టులకు ఒక క్రమం, ఆంగ్లికన్లకు ఇంకొకటి, మిగతావాళ్లలో కొందరికి పుస్తకమే లేదు. దీనికోసం వేసిన కమిటీని లెస్లీ బ్రౌన్ నడిపించాడు. ఆయన తిరువాంకూరులో పనిచేసినవాడు, కేరళ సిరియన్ క్రైస్తవుల మీద పుస్తకం రాసినవాడు. వాళ్లు తయారుచేసిన ప్రభు భోజన క్రమం 1950లో వాడుకలోకి వచ్చింది. 1963 నాటికి మిగతా ఆరాధనలన్నీ చేరి ఒక సంపుటమైంది. ఇవాళ మేడ్చల్ పక్కన ఏ పాత చర్చిలోనైనా తెలుగులో చదివేది దాని సంతతినే. ‘తాతల కాలం నాటిది’ అని మనం అనుకునే ఈ క్రమం వయసు ఒక రిటైర్డ్ టీచరు వయసంత. అందులోని ముక్కలు మాత్రం చాలా పాతవి. దేవుని పరిశుద్ధతను మూడుసార్లు పలికే స్తుతి, ప్రభువు మరణాన్నీ పునరుత్థానాన్నీ రాకడనూ సంఘమంతా ఒక్క గొంతుతో ఒప్పుకునే మాట తూర్పు దేశాల సంఘాలవి, కేరళ సిరియన్ల ద్వారా వచ్చాయి. పాపపు ఒప్పుకోలులో ఇంగ్లండు వాసన ఉంది. మొదటి రోజు నుంచే అది అతుకుల బొంత. ఆ అతుకులే దాని బలం అని నా అభిప్రాయం.

అందులో ఒక ఘట్టం దగ్గర ఆగాలి. దాన్ని ‘సమాధానం’ అంటారు. కానుకలు, రొట్టె, ద్రాక్షారసం బల్ల దగ్గరికి తెచ్చేటప్పుడు అయ్యగారు తన పక్కన సాయం చేస్తున్నవాళ్లకు సమాధానం ఇస్తాడు, వాళ్లు దిగి వచ్చి వరసలో మొదటివాళ్లకు, వాళ్లు వెనకవాళ్లకు. ఇచ్చే పద్ధతి కూడా పుస్తకంలో ఉంది. ఇచ్చేవారి కుడి అరచేయి పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనాలి, ఇద్దరూ ఎడమ చేతులను అవతలివారి కుడిచేతి మీద మూయాలి. నాలుగు చేతుల ముడి. ఇదీ సిరియన్ల నుంచే. పాశ్చాత్య సంఘాల్లో ఈ ఆచారం ఎన్నడో సన్నగిల్లి, గురువుల మధ్యకే పరిమితమైపోయింది. దక్షిణాది సంఘం దాన్ని జనంలోకి దించడం చూసి ప్రపంచంలో చాలా సంఘాలు తమ క్రమాలు మార్చుకునేటప్పుడు ఆలోచించాయి. ఇవాళ లండన్‌లోనో టొరంటోలోనో పక్కవాళ్లతో చేయి కలుపుతున్నారంటే అందులో 1950 నాటి ఈ క్రమానికీ వాటా ఉంది.

లండన్ సంగతి ఎలా ఉన్నా, శామీర్‌పేట పక్క ఊళ్లలో దానికి వేరే అర్థం పలికింది. హోటల్లో వేరే గ్లాసు, బావి దగ్గర వేరే వరస, చిల్లర ఇస్తే పైనుంచి జారవిడిచే కోమటి. అలాంటి ఊళ్లో వారానికోసారి ‘నీ పక్కవాడి చేయి పట్టుకో’ అని ఆరాధనే ఆజ్ఞాపిస్తుంది. అక్కడా మెలిక లేకపోలేదు. మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు ఒకే బెంచీ మీద కూర్చున్నా పెళ్లి సంబంధాల దగ్గర వేరుపడ్డారు, కొన్నిచోట్ల చర్చి ఎన్నికల దగ్గరా వేరుపడతారు. ఆదివారం ముడిపడిన నాలుగు చేతులు సోమవారం విడిపోవడం అందరికీ తెలిసిన గుట్టు. అయినా ఆ క్షణం పుస్తకంలో ఉంది కాబట్టి ప్రతివారం జరగక తప్పదు. ఒకరి మంచితనం మీద ఆధారపడితే ఎప్పుడో ఆగిపోయేది. కరోనా తరువాత చాలాచోట్ల దూరం నుంచి నమస్కారంతో సరిపెడుతున్నారు. మళ్లీ చేతులు కలిపించే బాధ్యత ఎవరైనా తీసుకుంటే బాగుండును.

పాటల దగ్గరికి వస్తే గొడవ గట్టిగా వినిపిస్తుంది. పాత చర్చీ చేతిలో ఉన్నది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు తేడా లేకుండా తెలుగు సంఘాలు పంచుకున్న పుస్తకం అదొక్కటే. ప్రతి కీర్తన పైన రాగం, తాళం, కింద రాసినవారి పేరు. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసినవే చాలా ఉన్నాయి. శ్రీకాకుళం వైపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, ఒడిశా సరిహద్దుల్లో బోధకుడిగా తిరిగిన మనిషి. పల్లవి, అనుపల్లవి, చరణాలతో, సంస్కృత సమాసాలతో నడిచే ఆ కీర్తనలు తెలంగాణ పల్లెకు ఎలా ఎక్కాయి? ఎక్కిన తీరులోనే జవాబు ఉంది. రాగం పేరు ఎవరూ చూడలేదు. డప్పు, తాళాలు, చిరుతలు చేరాయి, భజన పద్ధతి చేరింది, సమాసాల మధ్య ఊపిరి తీసుకునే చోట్లు మారాయి. ‘కల్యాణి’ అని అచ్చయిన కీర్తన మేడ్చల్ వైపు పాడితే కల్యాణి జాడ పట్టుకోవడం సంగీతం మాస్టారి వల్ల కాదు. ఆ బాణీ మాత్రం తల్లి నుంచి కూతురికి తప్పకుండా చేరింది.

ఇప్పుడు పిల్లల ఫోన్లలో ఉన్నవి వేరే పాటలు. గుంటూరు హోసన్నా మినిస్ట్రీస్ వాళ్ల గుడారాల పండుగకు ఏటా కొత్త పాటలు వస్తాయి, వారం తిరిగేసరికి శామీర్‌పేట బర్త్‌డే ఫంక్షన్‌లో వినిపిస్తాయి. బాగుంటాయి కూడా. వినసొంపు విషయంలో పాత పుస్తకం ఓడిపోయిందని ఒప్పుకోవాలి. నాకున్న అభ్యంతరం ఒక్కటే. కొత్త పాటల్లో ఎక్కువ భాగం ‘నేను’, ‘నాకు’, ‘నన్ను’ చుట్టూ తిరుగుతాయి. పాత కీర్తనల్లో నేను లేకపోలేదు గాని, పుట్టుక, శ్రమలు, పునరుత్థానం, చావు, పంట, పెళ్లి అన్నిటికీ విడివిడిగా పాటలు ఉన్నాయి. శవం ఇంట్లో ఉన్న రాత్రి కీబోర్డు పాట పనికిరాదు. ఆ రాత్రి కొత్త సంఘం కుర్రాళ్లు కూడా పాత పుస్తకం ఎక్కడుందని వెతుకుతారు.

బాప్తిస్మం విషయంలో చీలిన కుటుంబాలు ఈ రెండు రోడ్ల మీద లెక్కలేనన్ని. పాత సంఘంలో పసిబిడ్డ నుదుట నీళ్లు చిలకరించి, తల్లిదండ్రుల చేత మాట తీసుకుని, పదిహేనేళ్లు వచ్చాక కన్ఫర్మేషన్ క్లాసులు పెట్టి బిషప్ చేతులుంచి ప్రార్థిస్తాడు. కొత్త సంఘాలు అది లెక్కలోకి రాదంటాయి. పెద్దయ్యాక, తెలిసి, నీళ్లలో మునగాలి. చెరువు దగ్గరో, ఎవరి ఫామ్‌హౌస్ తొట్టిలోనో ముంచుతారు. అన్న మునిగి వచ్చి తమ్ముణ్ణి ‘నీకు బాప్తిస్మమే కాలేదు’ అంటే పండుగనాడు అన్నం దగ్గర ముఖాలు మాడతాయి. సీఎస్‌ఐ పెద్దవాళ్లను ముంచడానికీ ఒప్పుకుంటుంది, రెండోసారి ఇవ్వడానికే ఒప్పుకోదు. ఈ తేడా వివరించే ఓపిక ఇరువైపులా తక్కువ.

దీనికింద ఇంకొక సంగతి ఉంది, బోర్డుల మీద కనపడనిది. పాత సంఘం ప్రతి బాప్తిస్మాన్నీ రిజిస్టరులో రాస్తుంది. తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, అయ్యగారి సంతకం. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. ఆ తలుపు సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తెరుచుకుంది గాని క్రైస్తవులకు తెరుచుకోలేదు. రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి కింద ఒక్క శాతం కోటాలో సర్దుకోవాలి. 2024 నవంబర్‌లో పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో సుప్రీంకోర్టు ఎస్సీ సర్టిఫికెట్ అడగడానికి వీల్లేదని తేల్చినప్పుడు, ఆమెకు పసితనంలో జరిగిన బాప్తిస్మం కూడా చర్చకు వచ్చింది.

అంటే పాత పద్ధతిలో విశ్వాసం పట్టుకున్నవాడు కాగితం మీద దొరుకుతాడు. రేకుల షెడ్డు సంఘంలో రిజిస్టరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. స్కూల్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరుతో బతికే ఇళ్లు ఈ ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. 2011 జనగణనలో తెలంగాణ క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా లేరంటే, ఆదివారం ఈ రెండు రోడ్ల మీద ట్రాఫిక్ చూసినవాళ్లు నవ్వుతారు. కొత్త సంఘాలు పెరగడానికి కీబోర్డూ స్వస్థత కూటాలూ మాత్రమే కారణమని రాసే పత్రికలు ఈ ఒక్క శాతం కోటా లెక్క కూడా రాయాలి. కొడుకు సీటు కోసం రిజిస్టరు నుంచి తప్పుకున్న తండ్రిని విశ్వాసం లేనివాడని అనడానికి నాకు నోరు రాదు.

ఊళ్లే మారిపోయాయి. 2016 అక్టోబర్ 11న మేడ్చల్ జిల్లా అయింది. ఔటర్ రింగు రోడ్డు రెండు రోడ్లనూ కోసుకుంటూ పోయింది, ఎం.ఎం.టి.ఎస్. మేడ్చల్ దాకా వచ్చింది. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో కోవాక్సిన్ తయారైంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్ష తోటలు ఉండేవి. ఇప్పుడు పందిళ్లు పోయి ప్లాట్లు లేచాయి, ప్రభువు బల్లకు ద్రాక్షారసం కావాలంటే ఎండు ద్రాక్ష నానబెట్టి ఉడికించుకోవాలి. లేదంటే సూపర్‌మార్కెట్ సీసా.

ప్లాట్లతో పాటు మనుషులూ వచ్చారు. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, కేరళ సిరియన్లు, జార్ఖండ్ నుంచి ఫ్యాక్టరీ షెడ్లకు వచ్చిన కుర్రాళ్లు. గుంటూరు లూథరన్ కొంపల్లిలో ఫ్లాటు కొంటే పక్కనున్న సీఎస్‌ఐ చర్చి మెట్లెక్కుతాడు. క్రమం తనకు తెలిసినట్టే ఉంటుంది, మాటలు కాస్త తేడా. రెండు వారాల్లో అలవాటు పడతాడు. పుస్తకం వల్ల ఉన్న పెద్ద లాభం ఇది. కొత్త ఊళ్లో పాస్టరు ఎవరో తెలియకపోయినా, ప్రసంగం నచ్చకపోయినా, మోకరించే చోటు తెలుసు.

అలాగని పాత సంఘాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అయ్యగారికి అయిదేళ్లకో బదిలీ. ఆయన చేతిలో నాలుగైదు చర్చీలు. ఆదివారం ఒక్కో చోటుకి గంటన్నర, మిగతా రోజుల్లో ఫోన్ ఎత్తితే గొప్ప. ఆస్తుల తగాదాలు, ఎన్నికల తగాదాలు కోర్టుల దాకా పోయాయి, వాటి గురించి సంఘ సభ్యులకు పేపర్లో చదివితేగాని తెలియదు. జీడిమెట్ల షెడ్డులో రాత్రి షిఫ్టు దిగిన కూలీకి జ్వరమొస్తే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయేది రేకుల షెడ్డు పాస్టరే. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే తెలిసినవాళ్లకు చెప్పి గది చూసిపెట్టేదీ ఆయనే. ‘బ్రదర్, ఉన్నావా’ అని అడిగే మనిషి ఉన్నచోటికి జనం పోతారు. ఆరాధన క్రమం ఎంత అందంగా ఉన్నా రాత్రి పదకొండుకు తలుపు తీయదు. మియాపూర్ కల్వరి టెంపుల్ లాంటి పెద్ద సంఘాలు ఆదివారం విడతలు విడతలుగా ఆరాధన పెట్టి, అన్నం పెట్టి, పార్కింగు చూపించి పంపిస్తున్నాయంటే అది ఊరికే జరిగే పని కాదు.

కేథలిక్కుల కథ కొంచెం వేరు. వాళ్లకు దివ్య పూజ తెలుగులోకి మారింది రెండో వాటికన్ మహాసభ (1962–65) తరువాతే. 1969లో భారతీయ ఆచారాలకు అనుమతిస్తూ పన్నెండు అంశాలు వచ్చాయి. చెప్పులు విడవడం, నేల మీద కూర్చోవడం, హారతి, అగరుబత్తి, అంజలి. అప్పట్లో దీన్ని ‘హిందూ పూజలా ఉంది’ అని తప్పుపట్టిన పాతకాలపు భక్తులు ఉన్నారు. వాళ్ల మనవలకు హారతి లేని పండుగ పూజ వెలితిగా ఉంటుంది. యూరప్‌లో, అమెరికాలో లాటిన్ పూజ ఉండాలా వద్దా అని కొట్టుకుంటున్నారు, 2021లో పోప్ ఫ్రాన్సిస్ దానికి కళ్లెం వేశారు. ఇక్కడ విచారణల్లో, అంటే పారిష్‌లలో, ఆ గొడవే లేదు. మన పాతదనం జపమాలలో, తపస్కాలపు సిలువ మార్గంలో ఉంది. నంద్యాల వైపు దళిత కుటుంబంలో పుట్టిన పూల ఆంథోని హైదరాబాద్ అగ్రపీఠాధిపతిగా ఉండి 2022లో కార్డినల్ అయ్యారు, తెలుగువాళ్లలో తొలివాడు.

తమాషా ఏమిటంటే పుస్తకం లేదని చెప్పుకునే సంఘాలు కూడా పాత సరుకే మోస్తున్నాయి. డిసెంబర్ 31 రాత్రి మేడ్చల్ రోడ్డు మీద రేకుల షెడ్లన్నీ కిటకిటలాడతాయి. ఆ వాచ్ నైట్ సర్వీసు జాన్ వెస్లీ పద్దెనిమిదో శతాబ్దంలో మెథడిస్టులకు అలవాటు చేసింది. అదే వెస్లీ 1755లో మొదలుపెట్టిన నిబంధన ఆరాధన, ఏడాది మొదట్లో దేవుడితో ఒడంబడికను మళ్లీ చేసుకునేది, పాత సంఘంలోనే మిగిలింది. అర్ధరాత్రి వేడుక అందరికీ నచ్చింది, ఒడంబడిక ఎవరికీ అక్కరలేకపోయింది. గోల్కొండ క్రాస్‌రోడ్స్ హెబ్రోను సహవాసం సంగతీ అంతే. సువార్తికుడు బక్త్ సింగ్ 1950లో అక్కడ స్థిరపడి, మిషన్ల పద్ధతులన్నీ పక్కనపెట్టి, చాపల మీద కూర్చోవడం, తెల్లబట్టలు, ప్రతి ఆదివారం రొట్టె విరవడం నేర్పాడు. సంప్రదాయం వద్దన్న ఆ సహవాసాల్లో ఇప్పుడు చాప మీద బదులు కుర్చీ వేస్తే పెద్దలు ఒప్పుకోరు.

పాత ఆరాధన ఇంకా ఊపిరితో కనిపించేది కోత పండుగలో. శామీర్‌పేట దాటి లక్ష్మాపూర్, కేశవరం, ఉద్దెమర్రి వైపు ఇంకా వరి ఉంది, మొక్కజొన్న ఉంది. అలాంటి ఊళ్లలో కోత పండుగనాడు చర్చి మెట్ల దగ్గర వడ్ల బస్తా, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోడి, గంపెడు టమాటాలు, ఒక్కోసారి మేకపిల్ల. ఆరాధన అయ్యాక వేలం. వేలం పాడే మనిషికి ఊళ్లో అందరి బావల పేర్లూ తెలిసి ఉండాలి. ‘మామా, నీ గుమ్మడికాయే గద, వందకు పోతుంటే చూస్తవా’ అని రెచ్చగొడితే, తెచ్చినవాడే మూడు వందలు పెట్టి తన కాయ తానే ఇంటికి తీసుకుపోతాడు. కొంపల్లి కాలనీ చర్చిలో అదే పండుగకు యాపిల్ పెట్టెలు, కేకులు, ప్యాకెట్లో కట్టిన డ్రైఫ్రూట్స్ వస్తాయి. పొలం ఎవరికీ లేదు. కోత పండుగ ఎందుకని పిల్లలు అడుగుతారు, జీతం కూడా కోతే అని సండే స్కూలు టీచరు చెప్పి చూస్తుంది. వేలం మాత్రం అక్కడా ఆగలేదు. ఒక కేకు రెండు వేలకు పోతుంది, బావామరదళ్ల పోటీ అంతే.

వేలం డబ్బుతో ఏం కొనాలన్న దగ్గర కమిటీలో వాదన మొదలవుతుంది. యువకులు ప్రొజెక్టర్ కావాలంటారు, ఆరాధన క్రమం తెర మీద వేస్తే పేజీ నంబర్లు వెతుక్కునే బాధ ఉండదని. పెద్దలు కొత్త పుస్తకాలు కొందామంటారు, కరెంటు పోతే తెర ఏం చేస్తుందని. రెండు వైపులా అరిచేవాళ్లు ఉంటారు, మినిట్స్ రాసేవాడు పెన్ను పక్కన పెడతాడు. చదువు రాని ముసలమ్మలకు తెరా అక్కర్లేదు, పుస్తకమూ అక్కర్లేదు. వాళ్లను ఎవరూ అడగరు. వాళ్లూ వినిపించుకోరు, వేలంలో మిగిలిన టమాటాలు కొంగుల్లో పంచుకోవడంలో ఉంటారు.